అతిథి శబ్దవిచారము

అతిథి యనగా నెవరు? తిథి నియమము లేక వచ్చువాడని సామాన్యముగా చెప్పుదురు. మనుస్మృతి తృతీయాధ్యాయమున వేఱొక కారణము గలదు: ఒక్క రాత్రి మాత్రము నిలుచువాడు, నిలుకడ యనిత్యమైనవాడు గనుక నతడు అతిథి యట. (స్మృతికారుడు ఆ పేరును బ్రాహ్మణునికే పరిమితము చేసెను, ఆ సంకుచితత్వమును గూర్చి యిచట విస్తరింపను.) వైయాకరణులో, సంచారార్థకమగు ‘అత్’ ధాతువునుండి యీ పదమును సాధింతురు. మొదటి రెండర్థములును గృహస్థుని గడపయందు నిలిచి వచ్చువాని దినములను లెక్కించినవి. మూడవది వాని త్రోవను జూచినది. నాకు మూడవదియే యుచితముగ దోచుచున్నది.

ఇది నిఘంటుకారుల వివాదము మాత్రమే యైనచో నింత వ్రాయ నక్కఱలేదు. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతోను, 1961లో టర్కీతోను ఒడంబడికలు చేసికొని కార్మికులను రప్పించెను. పరదేశపు కూలివారికి నాజీల నాడు వాడిన పేరు నింద్యమైపోవుటచే, ‘గస్టార్బైటర్’, అనగా అతిథి శ్రామికుడు, అను మాట వ్యాప్తికి వచ్చెను. మాట మృదువైనది. కాని టర్కీవారు రెండేండ్లకు మించి యుండరాదను నియమము 1964 వఱకు దాని వెనుకనే యుండెను. ఆ 1964 సెప్టెంబరులో పదిలక్షలవ యతిథిగా వచ్చిన పోర్చుగీసు వడ్రంగి ఆర్మాండో రోడ్రిగ్స్ ద సాకు కొలోన్ రైలుస్టేషనులో నొక మోపెడ్ బహూకరించిరి. అతడు పిమ్మట రోగగ్రస్తుడై స్వదేశమునకు బోయి, జర్మనీలో తనకు రావలసిన వైద్యసహాయమును గూర్చి యెఱుగక, కూడబెట్టినదెల్ల చికిత్సకు వెచ్చించి 1979లో మరణించెను. కానుక ముట్టినది, హక్కు ముట్టలేదు.

క్రొత్తవారిని రప్పించుట 1973లో నాపిరి. పెక్కుర టర్కీవా రచటనే నిలిచిరి. వారి బిడ్డలు పుట్టిన గడ్డపైననే విదేశీయులైరి. అట్టి బిడ్డలకు కొన్ని నియమములతో జన్మముచేతనే పౌరసత్వ మిచ్చు చట్టము 2000లో గాని యమలునకు రాలేదు.

మన దేశమునను కేరళ ప్రభుత్వ మితర రాష్ట్రముల కార్మికులను అతిథి శ్రామికులని వ్యవహరించుచున్నది. ఉద్దేశము సాధువే. ‘వలస కూలీ’ యను మన మాటకంటె నందు మర్యాద హెచ్చు. అయినను చదువరులారా, అతిథి అన్నము తిని యింటికి ఋణపడును; ఇల్లు కట్టినవానికి ఇల్లే ఋణపడును. ఈ యిరువురి నొక్క పేరున బిలిచినచో రెండవవానికి ముట్టవలసిన కూలి దయగా మాఱదా? అధిక మర్యాదయు నొకానొకప్పుడు బాకీ యెగవేయు నుపాయమగును.

ఒడిసానుండి తెలంగాణమందలి యిటుక బట్టీలకు కుటుంబములు శీతకాలారంభమున వచ్చి తొలకరికి మరలిపోవుచుండును. ఏటేట నింతకాల మొకచోట బ్రదుకువారికి ఒక్క రాత్రి కొలత యెట్లు సరిపడును? వారి బిడ్డలు ఏ బడిలో, ఏ భాషలో చదువుచున్నారో, ఆ యిటుకలతో నిండ్లు కట్టుకొనిన మనలో నెంద ఱడిగిరి?