చదరంగ యంత్రమును ఆప్తవాక్యమును

పండితుడు చెప్పినాడు గావున నిజమనుటయు, యంత్రము చెప్పినది గావున నిజమనుటయు నొక్కటియేనా, వేఱువేఱా? ఈ ప్రశ్న తర్కశాస్త్రము చదివినవారికే గాక, ఇంట చదరంగపు బల్ల యున్న ప్రతి గృహస్థునకును నేడు కలుగవలసినదై యున్నది. ఏలయన, ఇప్పుడు చదరంగము నేర్చు బాలబాలికలలో పెక్కుమందికి నిత్యము దగ్గఱ నుండు గురువు మనుష్యుడు కాడు. కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో నుండు చదరంగ యంత్రము. దానితో ఆడుదురు, దానివలన నేర్తురు, ఆడిన యాటను దాని యెదుట పెట్టి తప్పొప్పులకు తీర్పు చెప్పించుకొందురు. ఈ మూడు పనులును ఎంతవఱకు మేలైనవి, ఎచ్చట కీడు మొదలగును అని విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా నీ యంత్రము చరిత్ర కొంత తెలిసికొందము. 1770లో వియన్నా నగరమున కెంపెలెన్ అనునతడు తురుష్క వేషము గల యొక బొమ్మను మేరియా థెరీసా రాణి కొలువునందు ప్రదర్శించెను. ఆ బొమ్మ చదరంగమాడి పెక్కుమందిని ఓడించెను. పండ్లచక్రములు ఆలోచించుచున్నవని చూచినవా రచ్చెరువందిరి. తుదకు తేలినదేమనగా, పెట్టె లోపల నొక మనుష్యుడు దాగి యుండెను. నేటి స్థితి దీనికి సరిగా తలక్రిందు. అప్పుడు యంత్రము చాటున మనుష్యుడు దాగెను. ఇప్పుడు మనుష్యుని చాటున యంత్రము దాగియున్నదేమో యని పోటీల వాకిళ్లలో సోదాలు చేయుచున్నారు.

నిజముగా చదరంగమాడు కంప్యూటరునకు మార్గము చూపిన వారిలో ముఖ్యుడు అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్. అతని వ్యాసము 1950లో ప్రకటింపబడెను. 1997 మే నెలలో న్యూయార్కు నగరమున ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ, నాటి జగజ్జేతయైన కాస్పరోవ్‌ను మూడున్నర, రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించెను. సెకనుకు ఇరువది కోట్ల స్థితులను పరిశీలించు శక్తి దానికి గలదు. 2017లో ఆల్ఫాజీరో యనునది ఆట నియమములు మాత్రమే తెలిసికొని, తనతో తానే ఆడి నేర్చి, స్టాక్‌ఫిష్ అను మేటి యంత్రముతో నూఱాటలాడి 28 గెలిచి, 72 సమము చేసి, ఒక్కటియు నోడలేదు. ఆ స్టాక్‌ఫిష్ సైతము 2020లో అట్టి అభ్యాసపద్ధతిని కొంత తనలో చేర్చుకొని మఱింత బలపడినది. దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. జగజ్జేత యైనను నేడు దానితో సరిసాటిగా పోరాడలేడు.

అది పనిచేయు తీరు స్థూలముగా నిట్లుండును. ఒక స్థితినుండి సాధ్యమైన యెత్తులను, వానికి ప్రతియెత్తులను, చెట్టు కొమ్మలు చీలినట్లు విస్తరించుకొని పోవును. కొనల యందలి స్థితులకు విలువ కట్టి, ఆ విలువలను మొదటికి మోసికొని వచ్చి, ఈ యెత్తు మేలని నిర్ణయించును. ఉజ్జాయింపుగా ఒక బంటు విలువను కొలతగా గైకొని, తెల్లవారికి ఒకటిన్నర యనియో, నల్లవారికి రెండనియో అంకె చూపును. అంకె చూపును, ఎత్తుల వరుసను చూపును. కాని హేతువును మాటలలో చెప్పదు. ఈ యొక్క విషయమును చదువరులు జ్ఞప్తియందుంచుకొన గోరెదము. మా విచారమంతయు దీనిపై నాధారపడి యున్నది.

మొదట దానివలన కలిగిన మేలును చెప్పుట ధర్మము. విద్య యనునది గురువు దొరకినవానికే దక్కుట మన దేశమునకు క్రొత్త గాదు. గురువు దొరకుటకు ధనము కావలయును, పట్టణవాసము కావలయును, ఒకప్పుడు కులము కావలసి వచ్చెను. ఆడుపిల్ల యైనచో వీనియన్నిటితో పాటు ఇంటివారి యనుమతియు కావలయును. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండుమాస్టరు బిరుద మంది, అప్పటికి ఆ బిరుదము పొందిన స్త్రీలలో నెల్ల పిన్నవయస్కురాలయ్యెను. ఆమెకు ఆట నేర్పినవాడు కన్నతండ్రి. అట్టి తండ్రి ఎందఱు బాలికలకు దొరకును? దొరకని బాలికకు యంత్రము తోడుగా నిలుచును. అది కులమడుగదు, రుసుమడుగదు, ఆడుపిల్లకేల యీ యాట యనదు. నూఱుమార్లు అడిగినను విసుగుకొనదు. జమీందారు కుమారుడని ముఖస్తుతి చేయదు. ఇంతటి సమదృష్టి గల యుపాధ్యాయుని మన పాఠశాలలలో వెదకి చూడుడు.

రెండవ మేలు దీనికంటె గొప్పది. పెద్దలమాట పరీక్షకు నిలుచునా యని చూచుటకు యంత్రము సాధనమైనది. ఒకవైపు రాజును ఐమూలగా నడచు రెండు శకటములును, ఎదుటివైపు రాజును ఒక గుఱ్ఱమును మిగిలినపుడు, గుఱ్ఱము గలవాడు ఒకానొక రక్షణస్థితిని చేరుకొన్నచో ఆట సమము కాగలదని 1851లో క్లింగ్, హార్విట్జ్ అను నిరువురు పండితులు వ్రాసిరి. గ్రంథములు దానినే చెప్పుచు వచ్చెను. 1983లో కెన్ థాంప్సన్ అనునతడు కంప్యూటరుచేత ఆ స్థితుల నన్నిటిని లెక్కింపజేయగా, కొన్నిట తప్ప శకటములు గలవాడే గెలుచుననియు, అందు కొన్నిట అఱువదికి పైగా నెత్తులు పట్టుననియు తేలెను. నూటముప్పదేండ్లు నిలిచిన మాట యొక్క లెక్కతో కూలెను. గ్రంథమునం దున్నది గావున నిజమను వాదమును ఖండించి బ్రదికిన సంస్కారప్రియులు దీనిని చూచి సంతోషింపకుందురా?

సంతోషింపవలసినదే. అయితే చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. గ్రంథమును సింహాసనమునుండి దింపిన చేతితోనే యంత్రము నందు కూర్చుండబెట్టుచున్నాము.

గౌతముని న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పినది. ఇందు శబ్దమనగా ఎవరి మాటయో గాదు, ఆప్తుని మాట. విషయమును తాను చక్కగా నెఱిగి, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు తెలుప గోరువాడే యాప్తుడు. చదరంగ యంత్రము ఆప్తుడగునా? మోసగింప వలెనను కోరిక దానికి లేదు. కావున సగము లక్షణ మున్నట్లే తోచును. కాని తెలుపవలెనను కోరికయు దానికి లేదు. శిష్యుని ముఖము చూచి, వీని కర్థమైనదా లేదా యని గ్రహించి, మఱియొక విధముగా చెప్పుద మను తలంపు దానికి కలుగదు. అది జవాబిచ్చును, బోధింపదు. జవాబు వేఱు, జ్ఞానము వేఱు.

ఈ భేదము మాటల గారడి కాదు. ఒక బాలుడు యంత్రము చెప్పిన యారంభపు టెత్తులను పదునైదింటిని కంఠస్థము చేసి పోటీకి పోయెననుకొందము. ఎదుటివాడు తొమ్మిదవ యెత్తున యంత్రము మెచ్చని యెత్తు వేసెను. అది తక్కువ యెత్తని బాలునికి తెలియును. ఏల తక్కువయో తెలియదు. దానిని శిక్షించు నుపాయము హేతువునందున్నది గాని అంకెయందు లేదు గదా! కావున తక్కువ యెత్తు వేసినవాడే గెలిచి పోవును. అర్థము తెలియక వేదము వల్లించువానిని మనము వెక్కిరించితిమి. యంత్రము పలుకులు వల్లించు మన పిల్లవాని కేమని పేరు పెట్టుదము?

ఇంకొక కీడు గలదు. అది బుద్ధికి గాక శీలమునకు సంబంధించినది. నేడు పెద్ద పోటీలను ప్రజలు తెరలపై చూచునపుడు ప్రక్కన యంత్రపు విలువను తెలుపు పట్టీ యొకటి పైకి క్రిందికి కదలుచుండును. ఎదుట నున్న మేటియాటగాడు అరగంట ఆలోచించి ఒక యెత్తు వేయగానే పట్టీ పడిపోవును. ఆట నేర్చి ఆఱునెలలు కాని ప్రేక్షకుడు, ఇంతమాత్రము తెలియదా యని నవ్వును. 2006లో బాన్ నగరమున నాటి జగజ్జేత క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అను యంత్రముతో ఆడుచు, మఱుసటి యెత్తుననే తనకు పడనున్న ఆటకట్టును చూడలేదు. మనుష్యబుద్ధికి అలసట గలదనుటకు అది యొక దృష్టాంతము, సానుభూతితో తలపోయవలసినది. కొండ నెక్కువాని కాలు జాఱుటను విమానములో కూర్చున్నవాడు చూచి నవ్వినచో, ఆ నవ్వువలన వానికి కొండ యెక్కు శక్తి వచ్చునా? ఎరువు తెచ్చుకొన్న యున్నతిపై నిలిచి ఇతరులను చులకన చేయుట యంత్రము నేర్పు దుర్గుణములలో మొదటిది.

రెండవది వంచన. 2006లోనే మన దేశపు పోటీలో నొక ఆటగాడు టోపీలో కుట్టిన పరికరముద్వారా బయటివారి సాయము పొందుచు పట్టుబడి, పదేండ్లు బహిష్కృతుడయ్యెను. 2019లో స్ట్రాస్‌బర్గు నగరపు పోటీలో గ్రాండుమాస్టరు బిరుదము గల యొకడు మరుగుదొడ్డిలో ఫోను చూచుచు పట్టుబడి బిరుదమును కోల్పోయెను. ఇట్టివారిని దూషించుట సులభము. కాని ఇంటి మాట యేమి? పిల్లవాడు ఇంటర్నెట్టుపై పరాయివానితో ఆడుచు ప్రక్కగదిలోని యంత్రము నడిగి గెలిచినపుడు, పెరిగిన అంకెను చూచి చుట్టములకు చెప్పుకొని మురియు తండ్రులు లేరా? ఆ పిల్లవాడు దొంగిలించినది ఎదుటివాని గెలుపు మాత్రమే కాదు; ఓడి నేర్చుకొనవలసిన తన పాఠమును గూడ. దానిని తిరిగి యిచ్చువారెవరు?

ఇట్లయినచో యంత్రమును పాఱవేయుదమా? అది మా మతము కాదు. ముద్రాయంత్రము వచ్చినపుడు చదువు చెడునని పొరలిన సనాతనుల మాట మేము మరల చెప్పబోము. చేయవలసినది వరుసను చక్కబెట్టుట. ముందు మన యాలోచన, పిమ్మట యంత్రపు తీర్పు. ఆట ముగిసినతోడనే దానిని యంత్రము ముందు పెట్టక, కలము కాగితము తీసికొని, ఇచ్చట నేనేమి తలచితిని, ఎదుటివా డేమి తలచెనని యూహించితిని, ఎచ్చట భయపడితిని అని వ్రాయవలెను. పిదప యంత్రము నడుగవలెను. దాని మాటయు మన మాటయు విడివడిన చోట నిలిచిపోవలెను. మనకు నచ్చి యంత్రము త్రోసివేసిన యెత్తును దానిపైననే ఆడి చూచినచో, అది యేల చెడ్డదో బల్లపైననే బయటపడును. అట్లు హేతువు దొరకినపుడు యంత్రము చెప్పిన జవాబు మన జ్ఞానమగును. దొరకనిచో, ఇది నాకు తెలియదు అని వ్రాసికొనుట మేలు. తెలియనిదానిని తెలిసినట్లు పలుకుటకంటె అది వేయిరెట్లు గౌరవప్రదము.

ఈ వరుస సాధ్యమే యనుట కొక దృష్టాంతము. చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున బుట్టిన గుకేశ్ 2024 డిసెంబరున సింగపూరులో డింగ్ లిరెన్‌ను గెలిచి, పదునెనిమిదేండ్లకే జగజ్జేత యయ్యెను. అంత చిన్నవయస్సున నిర్వివాదముగా ఆ పదవిని పొందినవాడు వేఱొకడు లేడు. అతని తొలినాటి శిక్షకుడు విష్ణుప్రసన్న చాలకాలము అతనిని యంత్రములకు దూరముగా నుంచి, తన తలతోనే లెక్కించు నలవాటు చేయించెను. పై మెట్టునకు చేరిన వారందఱును యంత్రములతోడనే సిద్ధపడుదురు, నిజమే. ఒక్కని చరిత్ర యందఱికిని విధి కాజాలదు, అదియు నిజమే. అయినను, యంత్రము లేక ఎదుగుట యీ కాలమున అసంభవమను మాటకు ఈ యొక్క చరిత్ర చాలిన జవాబు.

కొంద ఱిట్లనవచ్చును: "ఆటలో గెలుపే గదా ముఖ్యము? మంచి యెత్తు ఎచ్చటినుండి వచ్చిన నేమి?" గెలుపే ముఖ్యమైనచో, యంత్రములు రెండింటిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి మనము నిద్రింపవచ్చును, ఆ యాటలు మన యాటలకంటె నెంతో నిర్దుష్టముగా నుండును. అయినను మనుష్యులు బల్ల ముందు కూర్చుండుట మానలేదు. ఏలయన, మనము కోరినది నిర్దోషమైన యెత్తు కాదు. నిన్నటికంటె నేడు కొంచెము స్పష్టముగా చూడగల మనస్సు. అది ఎవరివద్దను ఎరువు దొరకదు.

ఇంతకును ఇది చదరంగముతో ముగియు విషయమా? లెక్క చేయుటకు, ఉత్తరము వ్రాయుటకు, రోగము గుర్తించుటకు సైతము జవాబుచెప్పు యంత్రములు మన యిండ్లలోనికి వచ్చియున్నవి. వానిలో తప్పు జవాబు వచ్చినచో నష్టము పెద్దది. తప్పని తెలిసికొనుట కష్టము. చదరంగమున నష్టమొక ఆట మాత్రమే. తప్పు బల్లపై కన్నులకు కనబడును. కావున హేతువు నడుగు నలవాటును పిల్లలకు నేర్పుటకు ఇంతకంటె సులభమైన పాఠశాల మఱియొకటి లేదు. గృహస్థులును గృహిణులును ఈ సాయంకాలము పిల్లలు యంత్రము నెదుట కూర్చుండినపుడు, అది యెంత అంకె చూపెనని అడుగుటకు మాఱుగా, ఏల యట్లు చూపెనని నీ వనుకొనుచున్నావు అని యడిగి, వారి జవాబును ఓపికతో వినవలెనని మా ప్రార్థన.