ఒక్కదానివేనా అమ్మా?

మా పక్కింటి పిన్నిగారి మేడమీది వాటా మొన్న మాఘమాసంలో ఖాళీ అయింది. టు-లెట్ బోర్డు కట్టిన మూడో రోజున ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. పార్వతీపురం వైపు పిల్లట, ఇక్కడ విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఖాళీ క్యారియరు. నేను గోడకి ఇవతల కొత్త చింతపండుకి పిక్కలు తీస్తూ అంతా వింటున్నాను. (వినటం తప్పే. నవలలు రాసేవాళ్ళకి ఆ మాత్రం మినహాయింపు ఇవ్వాలి మీరు.)

పిన్నిగారు అద్దె చెప్పారు. నీళ్ళొచ్చే వేళ చెప్పారు. కరెంటు మీటరు వేరే ఉందన్నారు. ఆఖర్న అడిగారు:

"ఒక్కదానివేనా అమ్మా?"

"అవునండీ."

అంతే. ఆ వాటాకి ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిన సంగతి పిన్నిగారికి అప్పుడే హఠాత్తుగా గుర్తొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఆవిడ కరివేపాకు కోసం వస్తే ఉండబట్టలేక అడిగేశాను. "రోగుల మంచాల పక్కన రాత్రంతా నిలబడే పిల్లకి ఇల్లివ్వటానికి మీకేం అభ్యంతరం పిన్నిగారూ?" అని.

ఆవిడ కోప్పడలేదు. "ఆ పిల్ల చెడ్డదని నేనన్నానా అమ్మాయ్? బంగారంలాంటిదే అయ్యుంటుంది. కానీ రేపేదన్నా అయితే పోలీసులు ఎక్కేది నా గుమ్మం. మూడో సందులో మాస్టారి సంగతి మర్చిపోయావా?" అన్నారు.

మర్చిపోలేదు. రిటైరైన లెక్కల మాస్టారు, ఎవరి జోలికీ పోని మనిషి. కింది వాటా ఒక దంపతులకని అద్దెకిచ్చి, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చేసరికి ఇంటి మీద పోలీసులు దాడి చేసి ఉన్నారు. పేపర్లో వార్త పడింది, వీధి పేరుతో సహా. తర్వాత రెండేళ్ళు ఆయన కోర్టు వరండాలో కూచున్నాడు. ఆయనకేమీ తెలియదని చివరికి తేలింది. తేలేలోగా ఆయన మాట్లాడటమే తగ్గించేశాడు.

చట్టం అలాగే ఉంది మరి. వ్యభిచార గృహాలనీ, ఆడపిల్లల్ని తెచ్చి అమ్మేవాళ్ళనీ అరికట్టటానికి 1956 లో చేసిన చట్టంలో 3వ సెక్షన్ ఇంటి యజమానుల గురించి. తెలిసి అద్దెకిస్తేనే నేరం. అంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ సోదాలో ఫలానా ఇల్లు అటువంటిదని తేలినట్టు స్థానిక పత్రికలో వార్త వస్తే, అక్కణ్ణుంచి ఆ వ్యవహారం యజమానికి తెలిసే సాగుతోందని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆయనే. పిన్నిగారికి సెక్షన్ల నంబర్లు తెలియవు. మాస్టారి ముఖం తెలుసు. అది చాలు ఆవిడకి.

ఆ వారం అమెరికా నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పుకుని వాపోయాను. అది అక్కడ కంప్యూటర్ కంపెనీలో పని చేస్తోంది. నవ్వింది. "పెద్దమ్మా, 2018 లో ఇక్కడ ఇంటర్నెట్‌కంతటికీ మీ పిన్నిగారి భయమే పట్టుకుంది తెలుసా?" అంది.

తెలియదు. అది చెప్పినదీ, ఆ తర్వాత నేను కూచుని చదువుకున్నదీ కలిపి చెబుతాను. మధ్యలో విసుగొస్తే క్షమించండి. కోర్టు వ్యవహారాలు వంటింటి వ్యవహారాలంత రుచిగా ఉండవు.

వెబ్‌సైటు అంటే ఒక విధంగా అద్దె ఇల్లే. గోడలు ఒకరివి, లోపల మాట్లాడేవాళ్ళు వేరు. లోపలివాళ్ళు చేసిన తప్పుకి గోడలవాళ్ళని పట్టుకోవచ్చా అన్నది ఇంటర్నెట్ పుట్టినప్పణ్ణుంచీ ఉన్న పేచీ. 1991 లో అక్కడ ఒక కోర్టు, లోపల ఎవరేం రాస్తున్నారో చూడని కంపెనీకి బాధ్యత లేదంది. 1995 లో ఇంకో కోర్టు, చెడ్డ రాతల్ని తీసేస్తూ శుభ్రంగా ఉంచటానికి ప్రయత్నించిన కంపెనీకి బాధ్యత ఉందంది. చీపురు పట్టుకున్నందుకు శిక్ష అన్నమాట! ఈ విడ్డూరం చూసి 1996 లో అమెరికా కాంగ్రెసు 230వ సెక్షన్ అని ఒకటి చేసింది. ఇతరులు రాసినదానికి వెబ్‌సైటువాళ్ళని రచయితలుగా, ప్రచురణకర్తలుగా చూడకూడదనీ, సదుద్దేశంతో చెత్త ఊడ్చినందుకు తప్పు పట్టకూడదనీ దాని సారాంశం. ఇవాళ మీరూ నేనూ వంటల వీడియో కింద "ఉప్పెక్కువైంది" అని రాయగలుగుతున్నామంటే, ఆ కంపెనీలు అక్కడ ధైర్యంగా తలుపులు తీసి ఉంచటమే కారణం.

ఆ తెరిచిన తలుపులోంచే దుర్మార్గులూ వచ్చారు. బ్యాక్‌పేజ్ అని ఒక ప్రకటనల వెబ్‌సైటు ఉండేది. సోఫాలూ పాత కార్లూ అమ్మే చోటనే ఆడపిల్లల్నీ అమ్మేవారు. పదిహేనేళ్ళ వయసు నుంచీ అలా అమ్ముడుపోయిన ముగ్గురు పిల్లలు పేర్లు దాచుకుని కోర్టుకెళ్ళారు. 2016 లో బోస్టన్‌లోని అప్పీలు కోర్టు వాళ్ళ కథ వింటే ఎవరికైనా ఆగ్రహం కలుగుతుందని ఒప్పుకుంటూనే, 230వ సెక్షన్ అడ్డొస్తోంది గనక ఏమీ చెయ్యలేమంది. తర్వాత 2017 జనవరిలో సెనేటు ఉపసంఘం ఒకటి విచారణ జరిపి, ఆ వెబ్‌సైటువాళ్ళు గోడలు మాత్రమే కట్టి ఊరుకోలేదని బయటపెట్టింది. పిల్ల చిన్నదని తెలిసిపోయే మాటల్ని ప్రకటనల్లోంచి కొట్టేసి, మిగతాది ప్రచురించేవారట.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాట కొట్టెయ్యటమంటే ఏమిటో నాకు తెలుసు, నా వృత్తే అది. ఒక మాట కొట్టేసినప్పుడు కింద ఏముందో చూసే కొడతాం. ఆ కుర్చీలో కూచున్న మనిషి పదిహేనేళ్ళ పిల్లని చూసే కొట్టేశాడు.

అప్పుడు వచ్చింది 2018 నాటి చట్టం. ఫోస్టా అంటారు. ప్రతినిధుల సభలో 388 మంది ఔనంటే 25 మంది కాదన్నారు. సెనేటులో 97 మంది ఔనంటే ఇద్దరే కాదన్నారు. ఆడపిల్లల్ని కాపాడే చట్టానికి ఎవరు చెయ్యెత్తరు? ఆ ఇద్దరూ ఎంత చెడ్డవాళ్ళయి ఉంటారో అనిపిస్తుంది ముందు. నేనే అక్కడుంటే రెండు చేతులూ ఎత్తేదాన్ని.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ చట్టం పిల్లల్ని అమ్మేవాళ్ళ దగ్గర ఆగలేదు. వ్యభిచారాన్ని "ప్రోత్సహించే, సులభం చేసే" ఉద్దేశంతో వెబ్‌సైటు నడిపితే పదేళ్ళ దాకా జైలంది. సులభం చెయ్యటం! ఆ మాట ఎంత దూరమైనా సాగుతుంది. ఒళ్ళమ్ముకు బతికే ఒక స్త్రీ "ఫలానావాడు కొడతాడు, జాగ్రత్త" అని ఇంకో స్త్రీకి రాసిపెడితే అది ప్రాణం కాపాడటమా, సులభం చెయ్యటమా? వాళ్ళలో వాళ్ళు అటువంటి జాబితాలు రాసుకునేవారు. ఆ రాతలకి చోటిచ్చినవాడు లాయర్ని అడిగితే లాయరేం చెబుతాడు? తీసెయ్యమంటాడు. పిన్నిగారికి నేను లాయర్నైనా అదే చెబుతానేమో.

సెనేటు ఓటు వేసిన రెండు రోజులు తిరక్కుండానే, అధ్యక్షుడి సంతకం కూడా పడకముందే, క్రెయిగ్స్‌లిస్ట్ అనే పెద్ద ప్రకటనల వెబ్‌సైటు తన "వ్యక్తిగత ప్రకటనల" విభాగాన్ని మొత్తం మూసేసింది. స్నేహం కోసం, తోడు కోసం రాసుకునే మామూలు జనం కూడా అందులోనే ఉండేవారు. పోర్ట్‌లండ్ ఊళ్ళో చట్టబద్ధంగా మసాజు వృత్తి చేసుకునే ఒకాయన ప్రకటన కూడా ఆ ఊడుపులో కొట్టుకుపోయింది. పాత వెబ్‌పేజీల్ని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ గ్రంథాలయంవాళ్ళూ, ఈ మసాజు ఆయనా, మరికొందరూ కలిసి కోర్టుకెళ్ళారు. అయిదేళ్ళ తర్వాత, 2023 లో, వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెబుతూ, దాన్ని ఇరుకుగానే చదవాలంది. అభిప్రాయాలు చెప్పటం, హక్కుల కోసం వాదించటం దాని కిందికి రావంది. మంచి మాటే. అయిదేళ్ళ పాటు భయపడ్డవాళ్ళకి అయిదేళ్ళు ఎవరిస్తారు?

అసలు బ్యాక్‌పేజ్ ఏమైందంటారా? దాన్ని 2018 ఏప్రిల్ 6 న పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. ఫోస్టా మీద సంతకం పడింది ఏప్రిల్ 11 న. అంటే పాత చట్టాలతోనే దాన్ని మూశారు! తలుచుకుంటే ముందు నుంచీ దారి ఉందన్నమాట. కొత్త నేరం కింద మొదటి మూడేళ్ళలో పెట్టిన కేసు ఒకే ఒక్కటని ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2021 లో లెక్క చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. అటువంటి వెబ్‌సైట్లు దేశం దాటి వెళ్ళిపోయాయనీ, ఇదివరకు పోలీసులకి దొరికే ఆధారాలు ఇప్పుడు దొరకటం కష్టమైందనీ.

"ఎక్కడో అమెరికాలో ఒళ్ళమ్ముకునేవాళ్ళ గొడవ మనకెందుకమ్మా?" అని మీలో ఎవరో అప్పుడే పుస్తకం మూస్తున్నారని నాకు తెలుసు. ఒక్క నిమిషం. మన సుప్రీంకోర్టు కూడా 2022 మే నెలలో, ఆ వృత్తిలో ఉన్న స్త్రీలు కూడా గౌరవంగా బతకటానికి హక్కున్న మనుషులేనని పోలీసులకి గుర్తు చెయ్యవలసి వచ్చింది. ఆ స్త్రీల సంగతి అలా ఉంచినా, ఊడుపు వాళ్ళ గుమ్మం దగ్గరే ఆగదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే వేశ్య రాసిన 'రాధికా సాంత్వనం' కావ్యాన్ని 1910 లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించి ప్రతుల్ని పట్టుకుంది. పోలీసులు ముద్దుపళని దగ్గరికి వెళ్ళలేరు గదా, ఆవిడ ఎప్పుడో పోయింది. పుస్తకాల వాళ్ళ మీదికి వెళ్ళారు. దశాబ్దాల పాటు ఆ నిషేధం పోలేదు. బి.ఏ. లో తెలుగు సాహిత్యం చదివిన నాకు క్లాసులో ఆవిడ పేరు వినపడలేదు. నా పుస్తకాలకి ఇవాళ అచ్చు వేసేవాళ్ళున్నారు. వాళ్ళ గుమ్మం ఎక్కుతామని ఎవరైనా బెదిరిస్తే నన్ను "ఒక్కదానివేనా అమ్మా?" అని అడగరని ఏమిటి నమ్మకం?

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. 2015 లో మన హైదరాబాదు ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేసి, వాటి వీడియోలు తీసి వాట్సాప్‌లో పంచుకుంటున్నారని. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. ఆ వీడియోల్లో ఉన్న పిల్ల తల్లి ముందు నిలబడి, "గోడలవాళ్ళని ఏమీ అనకండమ్మా, స్వేచ్ఛ పాడవుతుంది" అని నేను చెప్పగలనా? చెప్పలేను. ఆవిడ నా చెంప పగలగొట్టినా నేను మాట్లాడను.

ఎంత ఆలోచించినా నాకు తోచింది ఇంతే. తెలిసి మాట కొట్టేసినవాణ్ణి పట్టుకోండి, వాడు తిన్న డబ్బు కక్కించండి, వాడికి తెలుసని రుజువు చెయ్యండి. ఆ రుజువు కష్టమే, ఖర్చే. కానీ ఆ కష్టం పడలేక "ఎందుకొచ్చిన గొడవ" అని ప్రతి గుమ్మానికీ భయం కట్టి వదిలేస్తే, ఆ భయం ఖర్చుని పోలీసులూ భరించరు, కంపెనీలూ భరించవు. ఎవరు ఒక్కళ్ళే వచ్చి తలుపు కొడతారో వాళ్ళు భరిస్తారు.

ఇదంతా బాగానే కూడబలుక్కుని పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. అమెరికా సెనేటుతో సహా చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఓపిగ్గా విన్నారు.

"నిజమేనమ్మాయ్. పోనీ ఒక పని చెయ్యి. ఆ పిల్లకి పూచీగా అగ్రిమెంటు మీద నువ్వు సంతకం పెట్టు. రేపే తాళం ఇచ్చేస్తాను" అన్నారు.

నేను వెంటనే ఔనని ఉండవలసింది. "మా వారితో ఒకమాట అనుకుని చెబుతాను పిన్నిగారూ" అన్నాను. ఇరవయ్యేళ్ళుగా ఏ నవల రాసేటప్పుడూ మా వారితో ఒక మాట అనుకోనిదాన్ని. ఆ రాత్రి మాస్టారు కోర్టు వరండాలో కూచున్న తీరే కళ్ళ ముందు ఆడింది. మర్నాడు అడుగుదామనుకున్నాను. మర్నాడు వంటగ్యాస్ అయిపోయింది. ఆ తర్వాత బంధువులొచ్చారు. ఉగాది వెళ్ళాక మేడమీదికి బ్యాంకు ఉద్యోగి ఒకాయన భార్యాబిడ్డలతో దిగాడు. మంచివాళ్ళే. పాలు పొంగించినప్పుడు మా ఇంటికి పరమాన్నం పంపించారు.

మొన్న బస్టాపులో ఆ నర్సు కనిపించింది. నన్ను గుర్తుపట్టలేదు, గోడ వెనక ఉన్నదాన్ని ఎలా గుర్తుపడుతుంది? నేనే పలకరించి, ఇల్లు దొరికిందా అమ్మా అన్నాను.

"దొరికిందండీ. కాలవ అవతల. బ్రోకరు చూపించాడు. అద్దె రెట్టింపు, కాయితం ఏమీ లేదు" అంది. కాస్త ఆగి, "కానీ ఎవరూ ఏమీ అడగరండీ అక్కడ. పక్క గదుల్లో ఎవరుంటారో కూడా తెలీదు" అంది.

బస్సొచ్చింది. ఎక్కేసింది.