ముందే దక్కిన ఫలము

కడుపు నిండిన పిల్లవానికి బెల్లపుముక్క చూపి పని చెప్పినచో వాడు తల త్రిప్పుకొనును. ఆకలివేళ ఆ ముక్కయే వానిని వీథి చివరకు పరుగెత్తించును. బెల్లములో తీపి తగ్గలేదు. దానికొరకు కదలవలెనను కోరిక తగ్గినది. కావున బహుమానమునకు గల బలము వస్తువునందు మాత్రమే లేదు. అది మనకు అంతకుముందు ఎంత దక్కినది, ఎట్లు దక్కినది అను దానియందును గలదు.

సంతపూరు వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది వట్టి తర్కవిషయము కాదు. 1956 నవంబరు 1వ తేదీన ఈ ఔరాదు ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటకమైనది. బడిలో కన్నడము, బజారులో కన్నడముతోపాటు మరాఠీ, ఉర్దూ. తెలుగునకు మిగిలిన చోటు ఇల్లే. ఆ యింట అక్షరములు దిద్దించుటకు మనము మొదట మిఠాయి నిత్తుము. అది చాలనినాడు రూపాయి, పిమ్మట పది రూపాయలు. ఒకనాడు ఏమియు ఇయ్యకున్నచో పలక మూలకు చేరును.

ఇందులకు కారణమేమి? 1928లో టింకిల్‌పా అను శాస్త్రజ్ఞుడు, కోతి చూచుచుండగా గిన్నె క్రింద అరటిపండు నుంచి, చాటున దానిని తీసి లెట్యూస్ అను ఆకుకూర నుంచెను. వేరొకప్పుడు ఆ యాకును ఇష్టముగా తిను కోతియే దానిని ముట్టక పండుకొరకు వెదకెను. 1942లో క్రెస్పి పరీక్షించిన ఎలుకలును అట్లే: ఎక్కువ మేతకు అలవాటుపడినవానికి దానిని తగ్గించగా, మొదటినుండి తక్కువతో సరిపెట్టుకొన్నవానికంటె మందముగా పరుగెత్తినవి. తనివి కోరికను చంపును; అలవాటు కొలతను పెంచును.

అంతకంటె ఆలోచింపదగినది 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను వారు ప్రకటించిన పరిశోధన. బొమ్మలు గీయుటయన్న ప్రీతిగల పసివారిలో కొందరికి ముందుగా బహుమతి ఆశ చూపి గీయించిరి. పిమ్మట స్వేచ్ఛగా విడిచినప్పుడు వారికి ఆ ప్రీతి తగ్గినది. అనుకొనకుండ బహుమతి పొందినవారికి అట్లు కాలేదు. ఇష్టమునకు కూలి కట్టినచో ఇష్టము కూలిపనియగును.

అట్లయిన పిల్లలను ఆకలితో నుంచి పని చేయించుకొనవలెనా? కాదు. కొరతను కల్పించి కోరికను పెంచుట సులభమే, కాని అది బిడ్డను పెంచుట కాదు. అన్నము, ఆప్యాయత అడుగకముందే దక్కవలెను. వానికి పురికొల్పు శక్తి పోయినను నష్టము లేదు. అవి పందెములు కావు. పాఠము చెప్పనినాడు కూడ తల్లి ఒడి బిడ్డదే.

తెలుగును సయితము ఆ కోవలో చేర్చవలెను. అమ్మమ్మ కథను సగములో ఆపి “రేపు చెప్పెదను” అన్నప్పుడు మనుమడు మరునాడు తనంతట తానే వచ్చి కూర్చుండును. అక్కడ ఫలము పనికి వెలుపల లేదు, కథయే ఫలము.

మన జిల్లాలోని బసవకల్యాణమున ఈ సత్యమును పండ్రెండవ శతాబ్దపు శరణులు ఆచరించి చూపిరి. నేల రాలిన బియ్యపుగింజల నేరుకొనుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెననియు, ఇల్లాలు లక్కమ్మ ఆ మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెననియు చెప్పుదురు. పేదయింటికి చేరిన గింజను ఆమె ఏల పంపివేసెను? నేటి మిగులు రేపటి కొలతయగుననియు, అటుపిమ్మట భర్త కన్ను పనిమీదగాక మూటమీద నిలుచుననియు ఆమె ఎరిగియుండవలెను.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెలుగు ద్విపదలో రచించి ఆ బసవేశ్వరుని మనకును చుట్టమును చేసెను. ఆ చుట్టరికము నిలువవలెనన్నచో మన పిల్లలు ఆ పుస్తకమును చదువగలుగవలెను. రూపాయి కొరకు చదివినవాడు రూపాయి అందగానే పుస్తకము మూయును. రుచి యెరిగినవాడు తరువాతి పుట త్రిప్పును.