తోడు లేని ప్రయాణం

మన సంఘ కుటుంబాలలో యౌవనస్థులు ఈ మధ్య తరచు అడుగుతున్న మాట ఒకటుంది: "ఈసారి ఒంటరిగా వెళ్లి రానా?" మగపిల్లవాడు అడిగితే టికెట్టు డబ్బు చేతిలో పెడతాము. ఆడపిల్ల అడిగితే తోడెవరని అడుగుతాము. ఇది న్యాయమేనా అన్నది ఒక ప్రశ్న. వయసు వచ్చిన బిడ్డకు ఒంటరి ప్రయాణం వల్ల కలిగే మేలు ఏమిటి, దానికోసం పెద్దలు అంత భయాన్ని మోయవలసి ఉందా అన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. మా ఇంట జరిగినదాన్ని పట్టుకొని ఆలోచిస్తున్నందుకు పాఠకులు మన్నించాలి.

మేము ఒంగోలు ప్రాంతం నుండి వచ్చి రాజపాళయం దగ్గరి చోళపురంలో స్థిరపడినవాళ్లము. ఈ చుట్టుపక్కల తెలుగు వినబడడం వింత కాదు. విజయనగర రాజుల కాలంలో దక్షిణానికి వచ్చామని చెప్పుకునే రాజుల కుటుంబాలు నేటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటాయి. 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారే. వారి పూర్వులు గుంపుగా వచ్చారు, గుంపుగా నిలిచారు, అందుచేత భాష నిలిచింది. గుంపుకు ఆ బలం ఉందని ఒప్పుకోవాలి. అయితే గుంపు ఎక్కడికి వెళ్లినా తన ఊరిని కూడా మోసుకొని వెళ్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు వెంట దాదాపు నూరుమంది పరివారం ఉన్నారు. ఆయన చూసి వ్రాసిపెట్టినది మనకు గొప్ప నిధి. కాని ఎవరూ ఎరుగని మనిషిగా, ఒక్కడుగా, పరాయి గడప ముందు నిలబడే అవసరం ఆయనకు రాలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి వేరు. బాల్యంలో ఇల్లు వదిలి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని బయలుదేరితే పట్టి వెనక్కు తెచ్చారు. తేవడమే న్యాయం. 1922లో ఇరవైయేడేళ్ల వయసులో ఆయన ఒంటరిగా అమెరికాలోని బోస్టనుకు వెళ్లారు. వైద్య పట్టా ఉన్నవాడు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తి చదువుకున్నాడు. తరువాత ఆయన పరిశోధనల వల్ల ప్రపంచానికి దొరికిన మందుల సంగతి అందరికీ తెలిసినదే. ఆయన మళ్లీ ఈ దేశానికి తిరిగి రాలేదు, 1948లో న్యూయార్కులో మరణించారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఒంటరి ప్రయాణాన్ని మెచ్చుకునేవారు ఆ ఇల్లాలి సంగతి మరచిపోకూడదు.

మా అమ్మాయి అడిగినది అమెరికా కాదు, ఒంగోలు. 1854 నూతన సంవత్సరం తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, మరికొందరు ప్రార్థించిన కొండను తనంతట తాను చూసి రావాలన్నది. మాతో కలిసి అదివరకు ఎన్నోసార్లు ఒంగోలు వెళ్లింది. అయితే మా వెనుక నడిచిందే గాని దారి చూడలేదు. నెల రోజులు కాదన్నాము. చివరకు ఒక సాయంత్రం రాజపాళయంలో పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాము. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఉదయం ఎగ్మూరులో దిగి సెంట్రల్ స్టేషనుకు చేరేసరికి ఒంగోలు బండి వెళ్లిపోయింది. బేరం కుదరక ఒక ఆటో వదిలేసి మరొక ఆటో కోసం నిలబడినందుకు అది ఫలితం. అప్పుడు మాకు ఫోను చేయవచ్చును. చేయలేదు. ప్లాట్‌ఫారం మీద చీరాల వెళ్లే ఒక పెద్దావిడ కనిపిస్తే ఏం చేయాలని అడిగింది. ఆవిడ మొదట "ఎవరమ్మాయివి?" అన్నదట. మన ఊళ్లో అయితే తండ్రి పేరు చెబితే చాలు. సెంట్రల్ స్టేషనులో ఆ పేరుకు ఏం విలువ? తన సంగతి తానే చెప్పుకోవలసి వచ్చింది. "నీ తెలుగు అరవ యాసగా ఉందే" అని ఆవిడ నవ్విందట. చోళపురం బడిలో తెలుగు పిల్ల అనిపించుకున్న మనిషి అక్కడ అరవ పిల్ల అయింది. ఇద్దరూ కలిసి టికెట్టు కొని జనరల్ బోగీలో ఎక్కారు. నెల్లూరు దాకా నిలబడి వెళ్లింది. నెల్లూరు దాటాక మాకు ఫోను వచ్చింది.

నిజం చెప్పాలంటే, బండి తప్పినందుకు కాదు, మమ్మల్ని అడగనందుకు మాకు కష్టం వేసింది. మా భయంలో సగం బిడ్డ క్షేమం కోసమైతే, మిగతా సగం మా అవసరం తీరిపోతుందేమో అన్నదని అప్పుడు తెలిసింది. ఆపద లేదని మేము చెప్పము. చీకటి పడ్డాక కొత్త ఊళ్లో దిగకూడదు, దిగే చోట తెలిసిన ఇల్లు ఒకటి ఉండాలి, డబ్బు రెండు చోట్ల దాచుకోవాలి. ఇవి చెప్పి పంపడం పెద్దల పని. కాని చేతిలో ఫోను ఉన్న ఈ రోజుల్లో ప్రతి స్టేషనులోనూ పిలిచి అడుగుతూ ఉంటే బిడ్డ వెళ్లినట్టూ కాదు, మనం పంపినట్టూ కాదు. మరునాటి నుండి రాత్రి ఒక్కసారి పిలిస్తే చాలని మేమే చెప్పాము. ఆ మాట చెప్పడం మాకు సులువు కాలేదు.

ఒంటరిగా వెళ్లి వచ్చిన పిల్లకు ధైర్యం వస్తుందని అందరూ అంటారు. వచ్చే ఉంటుంది, మాకు అంతగా కనబడలేదు. మేము చూసినది వేరు. తిరిగి వచ్చిన కొన్నాళ్లకు రాజపాళయం బస్ స్టాండులో ఒడిషా నుండి మిల్లు పనికి వచ్చిన ఒక అమ్మాయి పెట్టె ముందు పెట్టుకొని, చేతిలో చిరునామా కాగితంతో నిలబడి ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మా అమ్మాయి కాగితం తీసుకొని చదివి, మమ్మల్ని ఉండమని చెప్పి, ఆమెను మిల్లు బస్సు ఎక్కించి వచ్చింది. అలాంటి పిల్లలు ఆ స్టాండులో దిగడం మేము ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాము. ఒక్కసారి కూడా దగ్గరకు వెళ్లలేదు.