గుల్లమీద గుల్ల

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:9, 10, రూతు 2వ అధ్యాయము, 1 పేతురు 2:4, 5





చెన్నపట్నములోని పాత కట్టడముల గోడలను మీరు చూచియుందురు. పాలరాతివలె మెరిసే ఆ పూతకు మద్రాసు సున్నమని దేశదేశములలో పేరుండెను. అది సముద్రపు గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నము. పులికాటు సరస్సునుండి గుల్లలు పడవలకెక్కి బకింగ్‌హాం కాలువ మీదుగా పట్నమునకు వచ్చెడివి. ఆ కాలువను మనము మరువలేము. 1876-78 నాటి గొప్ప కరువులో జాన్ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన మన పితరులకు పనియు కూలియు ఇప్పించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచినవారి సంతతి మనము.

ఇప్పుడు ఆ గుల్ల సంగతి ఆలోచింతము. ఇక్కడి ఆల్చిప్పకు శాస్త్రజ్ఞులు మన పట్నము పేరే పెట్టి క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అనిరి. దాని పిల్ల కంటికి ఆననంత చిన్నది. పుట్టిన తరువాత సుమారు రెండు మూడు వారములు నీటిలో కొట్టుకొని తిరుగును. తరువాత నిలువ నీడ వెదకును. మెత్తని బురదలో దిగినయెడల బ్రదుకదు. దానికి గట్టి చోటు కావలెను. అన్నిటికన్న మంచి చోటు దాని ముందు తరమువారి గుల్లయే. దానికి అతుక్కొనిన తరువాత జీవితాంతము కదలదు. ఇట్లు గుల్లమీద గుల్ల పెరిగి నీటి అడుగున గట్టు ఏర్పడును. దాని సందులలో పీతలు, రొయ్యలు, చేపపిల్లలు తలదాచుకొనును. ఆల్చిప్పలు నీటిని వడగట్టి తేటపరచును.

చచ్చిన గుల్ల ఎందుకూ కొరగాదని మనకు తోచును. కాని ఆ ఖాళీ గుల్లయే రాబోవు పిల్లకు ఇల్లు. గుల్లలన్నియు ఊడ్చుకొనిపోయినచోట పిల్లలు వచ్చినను నిలువలేవు. మన్నారు సింధుశాఖలో పగడపు రాళ్లను సున్నము మొదలైన వాటికొరకు త్రవ్వుకొనిపోయినందున, అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగినవి. అమెరికాలోని చెసపీక్ అఖాతములో ఈ సంగతి గ్రహించి, హోటళ్లలో తినగా మిగిలిన చిప్పలను పోగుచేసి, శుభ్రపరచి, తిరిగి నీటిలో వేయుచున్నారు.

కోత కోయువాడు పొలము అంచులవరకు కోయరాదనియు, పరిగెను బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెననియు దేవుడు ఆజ్ఞాపించెను. మోయాబునుండి వలస వచ్చిన రూతు ఆ పరిగె ఏరుకొనియే అత్తను పోషించెను. ఆమె వంశమందే దావీదును, మన రక్షకుడును జన్మించిరి. బోయజు చేలో అంచువరకు కోసియుండినయెడల ఆమె ఎక్కడ నిలిచియుండును?

మన వాకిట ఉన్న ఎన్నూరు ఉప్పుటేటిని చూడుడి. అక్కడ ఆల్చిప్పల గట్లమీద విద్యుత్ కేంద్రపు బూడిద పేరుకొన్నది. చేప ఈదిపోగలదు, ఆల్చిప్ప పోలేదు, ఉన్నచోటనే పూడిపోవును. ఆ చిత్తడి నేలలను బాగుచేయవలెనని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో చమురు చేరి జాలరుల పడవలను నల్లబరచినది. మనము వెలిగించుకొను దీపముల బూడిద ఎవరి కంచములో పడుచున్నదో విశ్వాసులు అడుగవద్దా? ఆ జాలరుల మొరతో మన గొంతు కలుపుట భక్తికి వెలుపలి పని కాదు. భూమి ప్రభువుదే గనుక.

ఈ పాఠము మన సంఘములకును చెందును. మన తాతలు ఒక ట్రంకు పెట్టెతో స్టేషనులో దిగినప్పుడు, ముందు వచ్చిన ఎవరో ఒకరు తమ వసారాలో చోటిచ్చిరి. నేడు మనకు సొంత మందిరమున్నది, పేర్లు చెక్కిన బల్లలున్నవి. ప్రకాశము నుండియు, పాలమూరు నుండియు కట్టడపు పనికి వచ్చిన కుటుంబము ఆదివారమున వెనుక బల్లమీద కూర్చుండి, ఎవరూ పలుకరింపక, మరుసటి వారము రాకపోయినయెడల ఆ తప్పు మనదే. అంచువరకు కోసికొన్నవారము మనమే.

పేతురు మనలను జీవముగల రాళ్లతో పోల్చెను. రాయి తనకొరకు నిలువదు. తనమీద మరియొకటి నిలుచుటకు నిలుచును. ఈ నెలలో ప్రతి కుటుంబము కొత్తగా వచ్చిన ఒక కుటుంబమును భోజనమునకు పిలువవలెనని కోరుచున్నాము. మన పిల్లలను ఒకసారి పోటు తీసిన వేళ ఎన్నూరుకు తీసికొనిపోయి, ఆ గట్లను చూపుదము.

మనకు చోటిచ్చిన ప్రభువు, ఇతరులకు చోటుగా మనలను నిలుపును గాక. ఆమేన్.