ఆదాము సంతతి కానివాళ్ళు

స్కాట్లండ్ హైలాండ్స్ అంచున ఉన్న అబర్‌ఫాయిల్ అనే ఊళ్ళో రాబర్ట్ కర్క్ అనే ప్రొటెస్టెంట్ పాదిరి ఉండేవాడు. గేలిక్ భాషలో దిట్ట. 1684లో బైబిల్ కీర్తనలను గేలిక్ పద్యాలుగా అచ్చువేయించాడు. హైలాండ్స్ జనం చేతికి బైబిల్ అందాలని లండన్ వెళ్ళి, అక్కడే ఉండి 1690లో అచ్చు పని చూసుకున్నాడు. అంతటి భక్తుడు ఆ మరుసటి ఏడాది ప్రాంతంలో ఫెయిరీల మీద చిన్న పుస్తకం రాసిపెట్టాడు. అందులో ఎగతాళి లేదు, భయపెట్టాలన్న ఉద్దేశమూ లేదు. తన మందలోని జనం, ముఖ్యంగా మామూలు కంటికి ఆననివాటిని చూసే ‘రెండో చూపు’ ఉందని పేరుబడ్డవాళ్ళు చెప్పినదాన్ని ఓపిగ్గా విని, వరసపెట్టి రాశాడు.

ఫెయిరీలు మనిషికీ దేవదూతకూ నడిమి జాతి అన్నాడు కర్క్. వాళ్ళ దేహం గట్టిపడిన మేఘంలాంటిది. గుట్టల కింద కాపురాలు, పెళ్ళిళ్ళు, పిల్లలు, చివరికి చావులు కూడా ఉన్నాయి. మూడు నెలలకోసారి ఇళ్ళు మారతారు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు బట్టలే కడతారు. హైలాండ్స్‌లోనైతే గళ్ళ ప్లాయిడ్ కప్పుకుంటారు. ఇంత వివరంగా రాసిన మనిషి రెక్కల సంగతి మాత్రం ఎత్తలేదు. ఇవాళ ఫెయిరీ అనగానే పిల్లల మనసులో మెదిలే సీతాకోకచిలుక రెక్కలు ఆ గుట్టల్లో పుట్టినవి కావు. నూరేళ్ళ తర్వాత ఇంగ్లండ్ చిత్రకారుల చేతిలో స్థిరపడినవి.

ఈ పుస్తకాన్ని కర్క్ మతానికి వ్యతిరేకంగా రాయలేదు, మతం కోసమే రాశాడు. కంటికి కనబడనిది లేనే లేదనే మాట అప్పటికే లండన్ కాఫీ హోటళ్ళలో వినబడుతోంది. రసాయన శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన రాబర్ట్ బాయిల్ అంతటివాడు 1678లో ఒక స్కాటిష్ ప్రభువును కూర్చోబెట్టి రెండో చూపు గురించి వివరాలు అడిగి రాసుకున్నాడు. గుట్ట కింద నడిమి జాతి ఉందని రుజువైతే అదృశ్య లోకం ఉన్నట్టే, దానికొక కర్త ఉన్నట్టే అని కర్క్ వాదన. కానీ ఆ వాదన ఒక చిక్కు తెచ్చిపెట్టింది. స్వర్గానికీ నరకానికీ చెందని ఈ ప్రాణులను దేవుడు ఏం చేస్తాడు?

కర్క్‌కు ముందు నూరేళ్ళలో స్కాట్లండ్ చర్చి ఆ ‘నడిమి’ అన్నదాన్నే చెరిపేసింది. 1560లో మతసంస్కరణ వచ్చి, చనిపోయినవాళ్ళ ఆత్మలు శుద్ధి కోసం ఆగే ఉత్తరించు స్థలం లేదని తేల్చింది. ఆ తర్వాత తెర అవతలి నుంచి ఎవరు పలకరించినా దేవదూత అయినా కావాలి, పిశాచం అయినా కావాలి. ఆరవ జేమ్స్ రాజు 1597లో దయ్యాల విద్య మీద పుస్తకం రాసి, ఫెయిరీలన్నవి సైతాను చూపించే భ్రమలని తీర్పు చెప్పాడు. వేదాంతం లెక్క సరిపోయింది. పల్లెల్లో ఆ లెక్కకు మూల్యం చెల్లించినవాళ్ళు వేరే ఉన్నారు.

ఎయిర్‌షైర్‌కు చెందిన బెస్సీ డన్‌లప్ కథ వాళ్ళలో ఒకరిది. 1576లో ఆమెను మంత్రగత్తెగా విచారించారు. ఆమె చెప్పిన సంగతులు కోర్టు రికార్డులో ఉన్నాయి. పచ్చి బాలింతరాలు, చేతిలో పసిబిడ్డ జబ్బుతో ఉంది, భర్త మంచం పట్టాడు, ఆవు చావుకు దగ్గరగా ఉంది. ఏడ్చుకుంటూ నడుస్తుంటే దారిలో నెరిసిన గడ్డం, బూడిదరంగు కోటు, చేతిలో తెల్లని బెత్తంతో ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. పేరు టోమ్ రీడ్ అన్నాడు. 1547లో పింకీ యుద్ధంలో చనిపోయిన సైనికుణ్ణి అన్నాడు, ఇప్పుడు ఫెయిరీల దగ్గర ఉంటున్నానన్నాడు. బిడ్డ దక్కదు, ఆవూ దక్కదు, మొగుడు మాత్రం కోలుకుంటాడని చెప్పాడు. తర్వాత తర్వాత ఆమెకు మందులు చెప్పాడు, పోయిన వస్తువులు ఎక్కడున్నాయో చెప్పాడు. బాప్తిస్మం నాటి విశ్వాసం వదులుకోమని అతను అడిగితే, ప్రాణం పోయినా వదలనని ఆమె తెగేసి చెప్పింది. ఆ మాట కూడా రికార్డులోనే ఉంది. అయినా ఆమెను దోషిగా తేల్చి కాల్చేశారు.

ఫెయిరీల బొమ్మలు గీసేవాళ్ళందరూ ముందు చదవవలసినది ఈ వాంగ్మూలమే. చచ్చిన యుద్ధవీరుడు, ఏడుస్తున్న బాలింత, చావబోతున్న ఆవు, వీళ్ళను కలిపిన ఒక మట్టిబాట. ఇందులో మెరుపుధూళి లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి, చర్చి ఓదార్చలేని చోట, ఎవరో ఒకరు వచ్చి మాట్లాడారు. ఆ వచ్చినవాడు ఎవరన్నది బెస్సీకి పూర్తిగా తెలియదు. విచారణ చేసినవాళ్ళకు మాత్రం తెలిసిపోయింది.

చర్చి తోసిపుచ్చిన ప్రశ్నకు పల్లె తనదైన జవాబు వెతుక్కుంది. గేలిక్ ప్రాంతాల్లో చెప్పుకునే కథ ప్రకారం, తిరుగుబాటు చేసిన సైతాను వెంట కొందరు దేవదూతలు ఊరికే ఆకర్షణకొద్దీ బయటికి వచ్చేశారు. ఇంతలో స్వర్గం తలుపులూ నరకం తలుపులూ మూసుకుపోయాయి. మధ్యలో చిక్కినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు. నేల మీద పడ్డవాళ్ళు ఫెయిరీలు. ఆకాశంలో నిలిచినవాళ్ళు ఉత్తర ధ్రువకాంతులై ఆడుతుంటారు. సముద్రంలో పడ్డవాళ్ళు మించ్ జలసంధిలోని నీలి మనుషులు. ఈ నీలి మనుషులు ఓడను ఆపి కెప్టెన్‌కు పద్యపాదం విసురుతారు. అతను పద్యంతోనే బదులివ్వలేకపోతే ఓడను ముంచేస్తారు. ఆ జలసంధి ఒడ్డునే, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో, 1754 ప్రాంతంలో కోలిన్ మెకంజీ పుట్టాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో మన ఊళ్ళ స్థలపురాణాలను, గ్రామదేవతల కథలను కైఫియత్తులుగా రాయించిన మెకంజీ ఆయనే. ప్రతి రాయి వెనుకా ఒక కథ ఉండే నేల నుంచే వచ్చాడని ఆ కైఫియత్తులు తిరగేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

రక్షణ గురించిన ప్రశ్న ఈ కథల్లో పదేపదే వస్తుంది. బైబిల్ చదువుకుంటున్న మనిషి దగ్గరకు ఒక ఫెయిరీ వచ్చి, అందులో మాకేమైనా ఆశ ఉందా అని అడుగుతుంది. ఆదాము పిల్లలకు తప్ప ఇంకెవరికీ ఇందులో మాట లేదంటాడతను. ఆ ప్రాణి పెడబొబ్బ పెట్టి వెళ్ళిపోతుంది. రాళ్ళు కొట్టే పని నుంచి ఎదిగి భూగర్భ శాస్త్రంలో పేరు తెచ్చుకున్న క్రోమార్టీవాసి హ్యూ మిల్లర్ 1841లో అచ్చయిన తన గ్రంథంలో మరో కథ రాశాడు. ఒక ఆదివారం ఊరంతా చర్చికి పోయిన వేళ ఇద్దరు పిల్లలు లోయలోంచి పోతున్న పొట్టి గుర్రాల బారును చూశారు. చివరివాణ్ణి ఆపి, మీరెవరు, ఎక్కడికి పోతున్నారని కుర్రవాడు అడిగాడు. తాము ఆదాము సంతతి కాదనీ, శాంతిజనం, అంటే ఫెయిరీలు, ఇక స్కాట్లండ్‌లో కనిపించరనీ చెప్పి అతను సాగిపోయాడు. పాతరాళ్ళలో అంతరించిన చేపల ఆనవాళ్ళు వెతికిన మనిషి, మరో జాతి కనుమరుగైపోయిన కథను అదే పుస్తకంలో దాచాడు.

ఇక బొమ్మల సంగతి. ఈ కథలు బతికిన ఊళ్ళలో వీటి చిత్రాలు దాదాపు లేవు. సంస్కరణ తర్వాత చర్చి గోడల మీద బొమ్మలే నిషిద్ధం. ఫెయిరీల పేరెత్తడానికే జంకి ‘మంచి పొరుగువాళ్ళు’ అని చెప్పుకునే జనం వాళ్ళ ముఖం గీస్తారనుకోవడం కష్టం. పెర్త్‌షైర్‌లో గ్లెన్ లయన్ నుంచి పక్కకు చీలే లోయలో చిన్న రాతిగుడి లాంటి గూడు ఉంది. అందులో నీటి ఒరిపిడికి నునుపుదేరిన రాళ్ళున్నాయి: శీతకాలపు ముసలమ్మ అయిన కాల్యాఖ్, ఆమె భర్త, వాళ్ళ కూతురు. మే నెల మొదట్లో వాటిని బయటికి తెచ్చి లోయకేసి నిలబెడతారు, నవంబరు మొదట్లో మళ్ళీ లోపల పెట్టి మూసేస్తారు. ముక్కూ ముఖం లేని ఆ రాళ్ళను చూసి బొడ్రాయికి మొక్కే తెలంగాణ పల్లెవాళ్ళు అయోమయపడరు. అక్కడ రూపం కన్నా ముఖ్యమైనది ఏటా తప్పకుండా చేసే పని.

రూపం పుట్టింది నగరంలో. డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన జోసెఫ్ నోయెల్ పేటన్ 1849లో షేక్‌స్పియర్ నాటకంలోని ఫెయిరీ రాజూ రాణీ తగవును పెద్ద కాన్వాసు మీద గీశాడు. లూయిస్ క్యారల్ కూర్చుని లెక్కపెడితే అందులో 165 ఫెయిరీలు తేలాయట. 1867లో అదే చిత్రకారుడు మనిషిబిడ్డను ఎత్తుకుపోతున్న ఫెయిరీల ఊరేగింపు గీశాడు. ఇప్పుడది గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. అపారమైన పనితనం. కానీ అందులో కొరత ఏమిటంటే, బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు కన్నా ఎత్తుకుపోయే ఊరేగింపే కన్నులపండువగా ఉంది. చూసేవాడు ఫెయిరీల పక్షాన నిలబడిపోతాడు. డండీకి చెందిన జాన్ డంకన్ 1911లో గీసిన గుర్రపు ఊరేగింపు దీనికి భిన్నం. బొమ్మ వేస్తున్నప్పుడు తనకు ఫెయిరీల సంగీతం వినిపించేదని అతను చెప్పుకున్నాడు. ఆ చిత్రంలో కథ కన్నా పూజాభావం ఎక్కువ. ఎవరి ముఖంలోనూ మనిషిని ఆకట్టుకోవాలన్న తాపత్రయం కనబడదు.

షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త తండ్రి చార్లెస్ డోయల్ వీళ్ళందరికన్నా దగ్గరగా వెళ్ళాడనిపిస్తుంది. తాగుడు, మూర్ఛ వ్యాధి అతన్ని మాంట్రోజ్ మానసిక చికిత్సాలయానికి చేర్చాయి. 1889లో అక్కడే ఒక పుస్తకం నిండా ఆకులు, పక్షులు, చిన్నచిన్న ఫెయిరీలు గీశాడు. ఇవి మతిలేనివాడి పనేనట, మరి ఆ లోపం ఇందులో ఎక్కడుందో చెప్పండని అందులోనే రాసుకున్నాడు. అతని ఫెయిరీలు గడ్డిపోచల మధ్య ఒంటరిగా ఉంటాయి, తాము ఎవరికి చెందుతామో తెలియనట్టు.

కొడుకు ఆర్థర్‌కు ఆ అనుమానపు స్థితి చాలలేదు. 1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీలో ఇద్దరు అమ్మాయిలు తీసిన ఫొటోలను నమ్మి, 1922లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ ఫెయిరీలు ‘ప్రిన్సెస్ మేరీస్ గిఫ్ట్ బుక్’లోని బొమ్మలను చూసి గీసి, కత్తిరించి నిలబెట్టిన కాగితాలు. డోయల్ కథ కూడా ఉన్న పుస్తకమే అది! అమ్మాయిలు 1980లలో, వయసు మళ్ళాక, నిజం ఒప్పుకున్నారు. కర్క్ కూడా రుజువే కోరాడు. కాకపోతే అతను మనుషుల మాట విని నమ్మాడు, చెప్పినవాళ్ళ భయం, బాధ ఆ మాటలోనే ఉన్నాయి. ఫొటోలో అవేవీ లేవు. రెక్కలు మాత్రం ఉన్నాయి.

రుజువైపోయిందన్న నమ్మకం ఎంత దూరం పోగలదో 1895 మార్చిలో ఐర్లండ్‌లోని టిప్పరరీ జిల్లా చూసింది. జబ్బుపడిన బ్రిజిట్ క్లియరీ అనే దర్జీపని చేసే యువతి తన భార్య కాదని, ఫెయిరీలు అసలు మనిషిని ఎత్తుకుపోయి వదిలిన మారుమనిషి అని భర్త మైకేల్ నిశ్చయించుకున్నాడు. బంధువులు చూస్తుండగానే ఆమెను కాల్చి చంపాడు. ఆ తర్వాత దగ్గరి పాత కోటగుట్ట దగ్గర రాత్రుళ్ళు కాచుకున్నాడు, నిజమైన భార్య తెల్లగుర్రం మీద వస్తుందని. నాట్యం చేసే ఫెయిరీల పక్కన మారుబిడ్డ కథను ముద్దుగా గీసేవాళ్ళు ఈ పేరు మరచిపోకూడదు. నడిమి జాతి ఉండవచ్చునని అనుకుంటూ తలుపు దగ్గర పాలు పెట్టడం ఒకటి. ఎదురుగా ఉన్న మనిషి మనిషి కాదని తేల్చేయడం మరొకటి. బెస్సీని దయ్యం మనిషిగా తేల్చినవాళ్ళూ, బ్రిజిట్‌ను మారుమనిషిగా తేల్చినవాడూ ఒకే తప్పు చేశారు: తెలియనిదాన్ని తెలిసినట్టు తీర్మానించారు.

ఇప్పటి చిత్రకారుల ముందున్న ప్రాణుల్లో కెల్పీ అన్నిటికన్నా ప్రసిద్ధం. కథల్లో అది గుర్రం రూపంలో వాగు ఒడ్డున నిలబడి, ఎక్కిన పిల్లలను నీళ్ళలోకి లాక్కుపోతుంది. 2013లో ఫాల్‌కిర్క్ దగ్గర శిల్పి ఆండీ స్కాట్ 30 మీటర్ల ఎత్తున రెండు ఉక్కు గుర్రపు తలలు నిలబెట్టాడు, ఒక్కొక్కటి 300 టన్నులు. వాటికి పేరు కెల్పీలు, కానీ నమూనా మాత్రం కాలువల వెంట పడవలు లాగిన క్లైడ్స్‌డేల్ గుర్రాలు. శిల్పంగా అది గొప్పది. చాకిరీ చేసిన జంతువులకు అంత పెద్ద నివాళి అరుదు. అయితే నీటి అంచున పిల్లలను ఒంటరిగా వదలొద్దని తల్లులు చెప్పిన మాట ఆ ఉక్కులోకి ఎక్కలేదు.

ఆర్క్నీ దీవుల నక్‌లవీని గీయడం ఇంకా కష్టం. గుర్రమూ రౌతూ అతుక్కుపోయిన దేహం, ఒంటి మీద చర్మం లేదు, పసుపు నరాల్లో నల్లని నెత్తురు. 19వ శతాబ్దిలో వాల్టర్ ట్రెయిల్ డెనిసన్ ఊళ్ళో విన్న కథను రాసి ఉంచాడు. గేమ్‌ల బొమ్మల్లో ఇది ఒట్టి రాక్షసి. కథలో మాత్రం సముద్రపు నాచును కాలిస్తే దానికి కోపం వస్తుంది, గుర్రాలకు తెగులు తెస్తుంది. 1722లో స్ట్రాన్సే దీవిలో నాచు కాల్చే వ్యాపారం నిజంగానే మొదలైంది. ఒడ్డంతా పొగ కమ్మేది. ఆ పొగ గీయకుండా నక్‌లవీని గీస్తే అది ఎందుకు కోపంగా ఉందో చూసేవాడికి తెలియదు.

రాసేవాడికీ, గీసేవాడికీ జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ పద్ధతే ఇప్పటికీ సరైనది. ఐలా దీవికి చెందిన ఈయన 1860-62 మధ్య పశ్చిమ హైలాండ్స్ కథలను నాలుగు సంపుటాలుగా అచ్చువేశాడు. కథ చెప్పింది ఎవరు, ఏ ఊరు, ఏ పని చేస్తారు అన్నది రాసి, గేలిక్ మూలాన్ని పక్కనే ఉంచాడు. 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మొదలైన స్కాటిష్ స్టడీస్ కేంద్రం అదే పనిని టేప్ రికార్డరుతో కొనసాగించింది. ఊరూరా తిరిగే ట్రావెలర్ కుటుంబాల గుడారాల్లో కూర్చుని హమిష్ హెండర్సన్ లాంటివాళ్ళు గంటలకొద్దీ రికార్డు చేశారు. ఆ గొంతుల్లో చాలా వాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. హైదరాబాదులో కూర్చుని కెల్పీ బొమ్మ వేయబోయే యువ చిత్రకారిణి అయినా సరే, పెన్సిల్ పట్టుకునే ముందు ఒక గేలిక్ ముసలమ్మ గొంతు వినవచ్చు. భాష అర్థం కాకపోయినా కథలో ఎక్కడ ఆగిందో, ఎక్కడ గొంతు తగ్గించిందో తెలుస్తుంది.