గొలుసు తెంపి వదిలేస్తే...

గుంటూరు, ప్రకాశం కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలకు మన ఊరకుక్క కాపలా చాలు. అయినా పట్నం మోజులో పిట్‌బుల్ జాతి కుక్కపిల్లను కొంటాం, పెరిగాక భయపడి రోడ్డు మీద వదిలేస్తాం.

2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్ సహా 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. వదిలేసిన కుక్క గతి మాత్రం మారలేదు.

ఓపిక ఉంటే ఆ గతీ మారుతుంది. అమెరికాలో 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ కుక్కల పందేలకు పెంచిన పిట్‌బుల్స్ పట్టుబడినప్పుడు, చంపేయమని జంతు సంక్షేమ సంస్థలే కొన్ని అన్నాయి. కానీ చంపకుండా ఒక్కొక్క కుక్కనూ విడిగా పరీక్షించారు. వాలంటీర్లు ఓపికగా మాలిమి చేశారు. చాలా కుక్కలు ఇళ్లలో కుదురుకున్నాయి.

పెంచలేకపోతే కొనకండి. కొన్నాక కుదరకపోతే, వదిలేయకుండా ముందు పశువైద్యుణ్ణి కలవండి.